పది మీటర్ల హాలులో యాభై మీటర్ల గురి: తిరుపతిలోని ఒక షూటింగ్ రేంజ్‌పై నా అభిప్రాయం

తిరుపతిలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు ఎయిర్ పిస్టల్ రేంజ్‌లో ఎనిమిది నెలలుగా సాధన చేస్తున్నాను. నాకు ఆసక్తి ఉన్నది 25, 50 మీటర్ల పిస్టల్ విభాగాల్లో. ఈ హాలులో ఉన్నది 10 మీటర్లే, అందులోనూ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌కే (ఎయిర్ పిస్టల్‌లో వాడే చిన్న గుండుకే) అనుమతి. ఫైరింగ్ లైన్‌కు రెండు మీటర్లు వెనుక నిలబడి కాల్చనివ్వమని ఒకసారి అడిగితే కోచ్ గారు ఒప్పుకోలేదు. పక్క లేన్లలోని పిల్లలు నా పిస్టల్‌కు ముందు పడతారు కాబట్టి ఆయన నిర్ణయం సరైనదేనని ఇప్పుడు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను.

దూరం లేకపోవడం నేను భయపడినంత పెద్ద లోటు కాదు. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. దాన్ని 10 మీటర్లకు కుదిస్తే 10 మిల్లీమీటర్లవుతుంది. ఎయిర్ పిస్టల్ కాగితం మీద ఆ వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే రెండూ దాదాపు సమానమే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో భారత షూటర్ జీతూ రాయ్ 50 మీటర్ల పిస్టల్‌లో స్వర్ణం గెలిచారు. ఆ విభాగం 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లో లేకపోయినా, అది కోరే నిలకడను ఇక్కడే అలవరచుకోవచ్చు. గురి చూసేందుకు ముందూ వెనుకా ఉండే సైట్ల మధ్య 320 మిల్లీమీటర్ల దూరమున్న నా పిస్టల్‌లో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర 31 మిల్లీమీటర్లు, 50 మీటర్ల దగ్గర 156 మిల్లీమీటర్లు గురి తప్పుతుంది. అందుకే టార్గెట్ కాగితాన్ని తిరగేసి, తెల్లని వైపు చూస్తూ, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనను కోచ్ గారు నా చేత ఓపికగా చేయిస్తారు. నల్లని చుక్క కనబడనప్పుడు కన్ను ఫ్రంట్ సైట్ మీదే నిలుస్తుంది, మణికట్టు చేసే తప్పు వెంటనే తెలుస్తుంది.

కాగితం నాణ్యత మాత్రం బాగాలేదు. చదును ముక్కు పెల్లెట్ అంచు కత్తిరించినట్టు గుండ్రని రంధ్రం చేయాలి. ఇక్కడి పలుచని కాగితం నక్షత్రంలా చిరిగిపోతుంది, తొమ్మిదో పదో తేల్చడానికి వేలితో ఆ చీలికలను వెనక్కి నొక్కి చూడవలసి వస్తోంది.

నాకు నిజంగా బాధ కలిగించేది ఒకసారికి ముప్పై నిమిషాలే లేన్ ఇచ్చే నిబంధన. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. ఆ లయలో కాలిస్తే ఇక్కడ 24 షాట్లు పూర్తయ్యేసరికే గంట మోగుతుంది. భుజం అలసి, ఊపిరి తడబడే చివరి ఇరవై షాట్లలో ఏం చేయాలో నేర్చుకునే అవకాశం ఎనిమిది నెలల్లో ఒక్కసారీ రాలేదు. భద్రత కోసం పెట్టిన నియమాల్లో ఒక్కటీ సడలించమని నేను అడగను. ఆదివారం ఉదయం ఒక్క లేన్‌నైనా గంటంబావు సేపు కేటాయిస్తే, రెండున్నర రెట్ల రుసుము కట్టడానికి సిద్ధంగా ఉన్నానని యాజమాన్యానికి రాసిచ్చాను.