మెలిఫ్లుయస్, డల్సెట్, కనోరస్: వినసొంపుకు ఏ మాట మేలు?

చెవికి ఇంపైన ప్రతి ధ్వనినీ ఇంగ్లీషులో ‘స్వీట్’ అనేసి ఊరుకుంటే నాకు మనసొప్పదు. ఆ ఇంపు ఎలాంటిదో విడమరిచి చెప్పే మాటలు ఆ భాషలోనే ఉన్నాయి.

ఎక్కువమంది ఎంచుకునేది మెలిఫ్లుయస్. లాటిన్‌లో మెల్ అంటే తేనె, ఫ్లుయెరే అంటే పారడం. మనం తేనెలొలికే మాటలు అంటామే, అచ్చం అదే. 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ అనే ఇంగ్లీషు రచయిత షేక్‌స్పియర్‌ను మెచ్చుకుంటూ ఈ మాటే వాడాడు. దీని బలమంతా ధారలో ఉంది. ఎక్కడా తెగకుండా మెత్తగా సాగే గొంతుకు ఇంతకన్నా మంచి మాట నాకు తెలీదు. ఒకసారి పైకి పలికి చూడండి, నాలుక ఎక్కడా తట్టుకోదు.

అయితే పక్షి పాటలన్నిటికీ ఇది నప్పదు. యూరప్ తోటల్లో కూసే సాంగ్ థ్రష్‌నే తీసుకోండి. ఓ చిన్న ముక్క పాడుతుంది, దాన్నే రెండు మూడు సార్లు మళ్ళీ పాడుతుంది, కాస్త ఆగి ఇంకో ముక్క ఎత్తుకుంటుంది. ప్రతి స్వరం విడివిడిగా, ఖంగుమని వినిపిస్తుంది. ఇందులో ధార ఎక్కడుంది? ఇక్కడ కావలసింది కనోరస్. పాడటం అనే అర్థమున్న లాటిన్ క్రియ కానెరే నుంచి వచ్చింది. పాటలా స్పష్టంగా మోగేది అని భావం. ఇంత చక్కటి మాట అరుదైపోవడం నాకు బాధగానే ఉంటుంది.

డల్సెట్ కూడా మధురమే కానీ, ‘డల్సెట్ టోన్స్’ అని ఇప్పుడు చాలాసార్లు వెటకారానికే అంటున్నారు. మనసారా పొగిడేటప్పుడు వద్దు. యూఫోనియస్ వేరే దారి. పేర్లు, పదాలు పలకడానికి, వినడానికి సొంపుగా ఉంటే అది సరిపోతుంది.

పరీక్షలోనో ప్రసంగంలోనో అయితే టెన్షన్ లేకుండా మెలిఫ్లుయస్ వాడేయండి, అందరికీ అర్థమవుతుంది. వర్ణన రాస్తుంటే మాత్రం నా ఓటు కనోరస్‌కే. కాకపోతే చాలామంది పాఠకులకు అది కొత్త. అందుకని ఆ ధ్వని ఎలా మోగిందో అదే వాక్యంలో చూపించాలి, అప్పుడు డిక్షనరీ వెతక్కుండానే అర్థమైపోతుంది. మనిషి గొంతుకూ వాడొచ్చు, ఆ గొంతు నిజంగా గంటలా పలుకుతుంటేనే.