ఎన్టీఆర్ భరోసా పింఛను: ఇంటికొచ్చి ఇవ్వడం చాలా బాగుంది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఈ పింఛన్లలో మా నాయనమ్మది వితంతు పింఛను, నెలకు 4,000. ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి వాకిట్లో ఉంటారు. అంట్లు తోమి తోమి అరిగిపోయిన వేళ్లు, యంత్రంలో ముద్ర పడదు. ఆయన విసుక్కోరు. "మామ్మా, ఇటు చూడు" అని ఫోన్లో ముఖం స్కాన్ చేసి, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతారు. ఊళ్లో లేక రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తున్నారు. కూతుళ్ల ఇళ్లకు వెళ్లొచ్చే పెద్దవాళ్లకు ఎంత ఊరటో!

నాకు దిగులల్లా రాష్ట్రం అప్పు గురించే. 2024 జులైలో 3,000ను 4,000 చేసి, ఏప్రిల్ నుంచి బకాయితో కలిపి 7,000 ఇచ్చారు. రాష్ట్రమంతా పింఛన్లకు నెలకు సుమారు 2,700 కోట్లు కావాలి. అదే 2024 జులైలో ఆర్థిక పరిస్థితిపై ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రంలో రాష్ట్రం అప్పులు, బకాయిలు కలిపి 9.74 లక్షల కోట్లు. మంగళవారాల్లో రిజర్వు బ్యాంకు వేలంలో బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి మళ్లీ అప్పు తెస్తున్నారు. అయినా పింఛను తగ్గించమని నేననను. నాయనమ్మ డబ్బు బీపీ మాత్రలకు, పాలకు, కిరాణా కొట్టుకు ఆ వారంలోనే చేరిపోతుంది. దొంగ సర్టిఫికెట్లతో తీసుకునేవాళ్లవి మాత్రం గట్టిగా ఏరాలి.

సేవకు ఐదుకి ఐదు.