ఆరేళ్లు దాటిన డెబియన్: నా పాత లాప్‌టాప్ అనుభవం

నేను ఇంటి దగ్గరే ఉండి అనువాదాలు చేస్తాను. నా లాప్‌టాప్ 2014లో కొన్నది, ర్యామ్ 4 జీబీ. 2019 చివర్లో అందులో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పదో వెర్షన్ (డెబియన్ 10) వేశాను. తర్వాత 11, 12, 13 వచ్చాయి. ఒక్కసారి కూడా ఫార్మాట్ చేయకుండా ఒకదాని మీద ఒకటి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చాను.

అంతకుముందు ఇంకో డిస్ట్రో (లినక్స్‌లో మరో రకం) వాడేదాన్ని. ఒక రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటే, తెల్లారి స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. ఆ సాయంత్రానికి నలభై పేజీలు ఇవ్వాలి. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పక్కింటివాళ్ల కంప్యూటర్ అడిగి తెచ్చుకుని పని పూర్తి చేశాను. అందుకే నాకు కావలసింది కొత్తదనం కాదు, నిన్న ఉన్నది ఇవాళ కూడా అలాగే ఉండటం.

డెబియన్ స్టేబుల్ సరిగ్గా అదే ఇస్తుంది. కొత్త ప్యాకేజీ, అంటే ఏదైనా ప్రోగ్రాము కొత్త వెర్షన్, ముందు సిడ్ అనే అస్థిర విభాగంలోకి వస్తుంది. కొన్నాళ్లు పెద్ద లోపాలేవీ బయటపడకపోతే టెస్టింగ్ అనే విభాగంలోకి వెళ్తుంది. ఆ తర్వాత టెస్టింగ్‌ను నెలల తరబడి ఫ్రీజ్ చేసి (కొత్త మార్పులు ఆపి), దొరికిన లోపాలు సరిచేశాకే స్టేబుల్‌గా విడుదల చేస్తారు. సుమారు రెండేళ్లకోసారి ఇది జరుగుతుంది. ఈ మధ్యలో వచ్చేవి దాదాపు అన్నీ భద్రతకు, లోపాలకు సంబంధించిన సవరణలే. మెనూలు చోటు మారవు, నా షార్ట్‌కట్‌లు పోవు. దీని వెనక కంపెనీ లేకపోవడం కూడా నాకు ముఖ్యమే. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ పనిని ఇప్పటికీ వలంటీర్లే నడుపుతున్నారు. నాయకుణ్ని ఏటా ఓటు వేసి ఎన్నుకుంటారు.

మొదటి రోజు మాత్రం ఏడిపించింది. నా వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రాము) స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా చూసి మార్చుకోగలది) కాదు కాబట్టి, అప్పటి మామూలు ఇన్‌స్టాలర్‌లో అది ఉండేది కాదు. ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి నెట్ తెచ్చుకుని, దాన్ని విడిగా వేసుకోవాల్సి వచ్చింది. 2022లో డెబియన్ సభ్యులు దీని మీద ఓటు వేశారు. డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. కొత్తగా వేసుకునేవాళ్లకు ఇప్పుడు ఆ బాధ లేదు.

తెలుగు విషయంలో నాకు పూర్తి తృప్తి. ఫాంట్స్-తెలు అనే ఒక్క ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వచ్చేస్తాయి. తెలుగు టైపింగ్ కోసం ఐబస్, ఎమ్17ఎన్ అనే ప్రోగ్రాములు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డులు మూడూ ఉంటాయి. నేను ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ వాడతాను. కానీ పాత పద్ధతిలో, యూనికోడ్ కాని ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీ పని మీదైతే, దాని కోసం విండోస్ ఉంచుకోండి.

లోపాలూ చెప్పాలి. సాఫ్ట్‌వేర్ పాతదిగా ఉంటుంది. డెబియన్ 12లో చివరి దాకా లిబర్ ఆఫీస్ 7.4 తోనే గడిపాను. మరీ అవసరమైతే బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్‌లో వేసుకునేలా తయారు చేసిన కొత్త వెర్షన్లు) ఉన్నాయి. అప్‌గ్రేడ్‌కు ముందు విడుదల గమనికలు చదవకపోతే తిప్పలు తప్పవు. 11కి మారినప్పుడు భద్రతా రిపాజిటరీ (భద్రతా సవరణలు దిగుమతి అయ్యే చోటు) పేరు రాసే తీరే మారింది. 13లో తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డర్ డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లో ఉంటోంది. 4 జీబీ మిషన్‌లో పెద్ద జిప్ ఫైల్ అక్కడ విప్పబోతే చోటు చాలలేదు. దాన్ని మళ్లీ డిస్క్ మీదికి మార్చుకునే కమాండ్ ఆ గమనికల్లోనే దొరికింది.

మా అక్క కొడుకు ఆర్చ్ అనే ఇంకో డిస్ట్రో వాడతాడు. "పిన్నీ, నువ్వు రెండేళ్ల పాత ప్రోగ్రాములు ఎలా వాడుతున్నావు?" అంటాడు. వాడు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. కొత్త వెర్షన్ వచ్చిన కొద్ది రోజులకే చేతికి రావాలి, ఏదైనా చెడితే వికీ చదివి బాగుచేసుకోవడం వాడికి ఇష్టమైన పని. వాడి దారి వాడికి సరైనదే. మా వీధిలో రిటైరైన మాస్టారి కంప్యూటర్‌లో నేనే మింట్ అనే డిస్ట్రో వేసిచ్చాను. విండోస్‌లాగే కింద ఎడమ మూల మెనూ ఉంటుంది, ఏదైనా చెడితే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాముతో సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చుకునే వీలుంది. ఆయనకు డెబియన్ వేస్తే వారానికి రెండుసార్లు నాకు ఫోన్ చేయాల్సి వచ్చేది. ఇప్పుడే కొన్న లాప్‌టాప్ అయితే ఫెడోరా చూడండి. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్, కొత్త కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం) వస్తాయి కాబట్టి కొత్త హార్డ్‌వేర్‌ను త్వరగా గుర్తిస్తుంది. ఏ సందేహానికైనా నెట్‌లో వెంటనే జవాబు కావాలంటే ఉబుంటు.

నా మిషన్‌లో డెబియన్ 13, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో నడుస్తోంది. లిబర్ ఆఫీస్ రైటర్‌లో రెండు ఫైళ్లు, బ్రౌజర్‌లో నిఘంటువులు తెరిచినా పని సాగుతుంది. ట్యాబ్‌లు పది దాటితే మాత్రం నెమ్మదిస్తుంది. ఈ వెర్షన్‌కు ఎల్‌టీఎస్ (మామూలు గడువు ముగిశాక ఇచ్చే అదనపు మద్దతు) కలుపుకుంటే భద్రతా సవరణలు 2030 జూన్ వరకు వస్తాయి. బ్యాటరీ ఇప్పటికే ఒకసారి మార్పించాను, కీబోర్డులో రెండు మీటలు గట్టిగా నొక్కితే గానీ పడటం లేదు. అప్పటిదాకా ఈ లాప్‌టాప్ ఉంటే అందులో ఉండేది ఇదే.