చిన్న కెమెరా కొందామనుకుంటున్నారా? సోనీ ఆర్‌ఎక్స్100ని ఏళ్ళ తరబడి వాడాక నా మాట

2012లో వచ్చిన కెమెరాకి ఇప్పుడు రివ్యూ ఏంటి అని కొంతమందికి అనిపిస్తుంది, సహజమే. ఇదే వరుసలో ఏడో మోడల్ దాకా వచ్చాయి, మోడళ్ళతో పాటు ధర కూడా పెరుగుతూ పోయింది. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఓ చిన్న కెమెరా కొనుక్కుని ఫొటోగ్రఫీ నేర్చుకుందాం అనే వాళ్ళు ఎవరు అడిగినా ఇప్పటికీ నేను చెప్పేది ఈ మొదటి మోడల్ పేరే. బ్యాటరీ, కార్డుతో కలిపి 240 గ్రాములు. ప్యాంటు జేబులో పట్టేస్తుంది. లోపల వెలుతురుని పట్టే సెన్సర్ మాత్రం పేరుకి ఒక అంగుళం రకం, అసలు కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, మామూలు జేబు కెమెరాల్లో ఉండే సెన్సర్ కంటే విస్తీర్ణంలో దాదాపు నాలుగు రెట్లు. సాయంత్రం పూట, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

పగటి వెలుతురులో ఈనాటి మంచి ఫోను దీనికి ఏమీ తీసిపోదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కెమెరా కావాల్సింది వేరే వాటికి. నిజమైన జూమ్, నిజమైన ఫ్లాష్, సగం నొక్కితే ఫోకస్ పట్టే బటన్, అన్నిటికంటే ముఖ్యంగా మనం చెప్పినట్టు వినే గుణం.

చేతికి రాగానే బ్యాటరీ ఛార్జ్ చేసి, తేదీ, సమయం సరిగ్గా పెట్టండి, కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. తేదీ సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ రెండేళ్ళ తర్వాత ఫొటోలు వెతుక్కునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. బ్యాటరీ తీసేసి చాలా రోజులు పక్కన పెడితే గడియారం మళ్ళీ మొదటికి వస్తుంది, అప్పుడు మళ్ళీ పెట్టుకోవాలి. ఆ తర్వాత పైన ఉన్న డయల్‌ని ఆటో నుంచి తిప్పి పీ (ప్రోగ్రామ్) మీద పెట్టండి. ఆటోలో ఉన్నంతకాలం కెమెరా తనకి తోచింది చేస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలనేది) బటన్ కూడా మన చేతికి ఇవ్వదు. పీ మోడ్‌లో వెనక చక్రం కింది వైపు నొక్కితే ఎక్స్‌పోజర్ ప్లస్, మైనస్ వస్తుంది. కొత్తవాళ్ళు మొదటి నెల ఈ ఒక్కటీ నేర్చుకుంటే చాలు.

మాది హనుమకొండ కాబట్టి రామప్ప గుడికి తరచూ వెళ్తుంటాను. చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికల శిల్పాలు ఉంటాయి కదా, నల్లరాయి, నునుపుగా మెరుస్తుంటాయి. కింద నిలబడి జూమ్ చేయకుండా తీస్తే వెనకాల ఆకాశం ఫ్రేములోకి వస్తుంది, కెమెరా ఆ వెలుతురుని చూసి మొత్తం తగ్గించేస్తుంది, బొమ్మ నల్లటి ముద్దగా మిగులుతుంది. అక్కడ ప్లస్ 1 కావాలి. అదే బొమ్మని జూమ్‌తో దగ్గరికి లాగి ఫ్రేము నిండా నింపితే వ్యవహారం తిరగబడుతుంది, అంతా నలుపే కనిపించేసరికి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, నల్లరాయి బూడిద రంగులోకి పోతుంది. ఇప్పుడు మైనస్ 0.7 పెట్టి చూడండి, రాయి మళ్ళీ రాయిలా కనిపిస్తుంది, ఆ మెడలోని హారం పూసలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలుతాయి. అక్కడ పది నిమిషాలు ఆ చక్రం తిప్పుతూ తీస్తే వచ్చే జ్ఞానం ఎన్ని వీడియోలు చూసినా రాదు.

లెన్స్ గురించి ఒక విషయం. డబ్బా మీద ఎఫ్/1.8 అని ఉంటుంది (ఈ అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది), అది జూమ్ అసలు చేయనప్పుడు, అంటే 28 ఎంఎం దగ్గర మాత్రమే. జూమ్ కొంచెం ముందుకి జరపగానే 2.8కి పోతుంది, అంటే వెలుతురు తగ్గుతుంది, చివర 100 ఎంఎం దగ్గర 4.9. అందుకని చీకటి పడ్డాక జూమ్ జోలికి పోకుండా రెండడుగులు ముందుకి నడవడం మేలు. దగ్గరి నుంచి పూలో, ముగ్గులో తీయాలన్నా అంతే, జూమ్ లేకుండా 5 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది, పూర్తిగా జూమ్ చేస్తే 55 సెంటీమీటర్ల దూరం కావాలి.

పిల్లల్ని తీసేవాళ్ళకి పీ మోడ్, ఏ మోడ్ (ఆ ఎఫ్ అంకె మనం పెట్టుకునేది) రెండూ ఇంట్లో పనికిరావు. వెలుతురు తగ్గితే కెమెరా షట్టర్ వేగాన్ని 1/30 సెకను దాకా దించేస్తుంది, పిల్లలు ఆ కాసేపు కూడా కదలకుండా ఉండరు. షట్టర్ వేగం మనం పెట్టుకునే ఎస్ మోడ్‌లో 1/125 పెట్టి ఐఎస్ఓని (వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందించాలనే అంకె) ఆటోకి వదిలేయండి. ఫొటోలో కాస్త గింజ (చుక్కలు చుక్కలుగా గరుకు) వచ్చినా మొహం స్పష్టంగా ఉన్న ఫొటోనే అమ్మమ్మకి కావాలి.

ఇక ఈ కెమెరాలో నాకు ప్రాణం ఫ్లాష్. అది సన్నటి చేయి మీద పైకి లేస్తుంది, చూపుడు వేలితో వెనక్కి నొక్కిపట్టుకుంటే పైకప్పు వైపు చూస్తుంది. వెలుతురు తెల్లటి సీలింగ్‌ని తాకి మెత్తగా కిందికి దిగుతుంది, మొహాల మీద ఆ జిడ్డు మెరుపు ఉండదు, వెనక గోడ మీద నల్లటి నీడ ఉండదు. ఐఎస్ఓ 800 దాకా పెంచుకోండి, ఫ్లాష్ చిన్నది కదా. మా అక్క కూతురి పుట్టినరోజుకి ఇలా తీసిన ఫొటోలు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. ఫంక్షన్ హాళ్ళలో మాత్రం ఆశ పెట్టుకోకండి, అంత ఎత్తు సీలింగ్‌కి దీని వెలుతురు చాలదు.

లోపాలు చెప్పాలంటే బాడీ నున్నగా ఉంటుంది, జారుతుంది, అంటించుకునే గ్రిప్ తప్పనిసరి. వైఫై లేదు, ఫోనుకి పంపాలంటే కార్డ్ రీడర్ పెట్టుకోవాలి. స్క్రీన్ మడవదు, టచ్ లేదు, ఎండలో కనిపించకపోతే మెనూలో బ్రైట్‌నెస్‌ని సన్నీకి మార్చండి. ఛార్జింగ్ మైక్రో యూఎస్‌బీతో కెమెరాలోనే జరుగుతుంది, విడి ఛార్జర్ బయట కొనుక్కుంటే ఊరెళ్ళినప్పుడు టెన్షన్ ఉండదు. బ్యాటరీ పేరు ఎన్‌పీ-బీఎక్స్1, తర్వాతి మోడళ్ళన్నిటికీ అదే కాబట్టి దొరకదనే భయం లేదు, చౌక డూప్లికేట్లు మాత్రం వద్దు, ఓ షాపులో అసలుదని చెప్పి అంటగట్టినది నెలలు తిరక్కుండానే ఉబ్బిపోయింది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు జూమ్ ఇటు చివర నుంచి అటు చివర దాకా నాలుగైదుసార్లు తిప్పి చూడండి, కరకరమనే చప్పుడు వస్తే వద్దు. ఏ మోడ్‌లో ఎఫ్/11 పెట్టి తెల్ల గోడని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, ఎక్కడ తీసినా ఒకే చోట మచ్చ ఉంటే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టే. ఇందులో లెన్స్ ఊడిరాదు కాబట్టి అది తుడిపించాలంటే కెమెరా విప్పించాల్సిందే. టార్చ్ వేసి లెన్స్ లోపల ఫంగస్ ఉందేమో చూడండి, ముఖ్యంగా సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చిన వాటిలో. ఫ్లాష్ లేచి వెలుగుతోందా, మళ్ళీ లోపలికి దిగుతోందా అన్నది కూడా అక్కడే, డబ్బు ఇవ్వకముందే చూసుకోండి.