వంజరం వేపుడు బాగుంది, బిల్లు ఇంకా బాగుంది

తిండి సంగతి ముందు చెప్పేస్తాను. వైజాగ్‌లో సిరిపురం నుంచి బీచ్ రోడ్డుకి దిగే దారిలో ఉన్న ఈ హోటల్‌కి మేము ఇంటిల్లిపాదీ తరచుగానే వెళ్తుంటాం, ఆదివారం మధ్యాహ్నమైతే మెట్ల దాకా జనం నిలబడి ఉంటారు, అయినా వెళ్తాం. వంజరం వేపుడు ప్లేటు 380 రూపాయలు, రెండు ముక్కలు, మందంగా కోసినవి, మసాలా పైపైన పూసినట్టు కాకుండా లోపలి దాకా పట్టి ఉంటుంది. రొయ్యల వేపుడులో ఉల్లిపాయ ఎక్కువ, రొయ్య తక్కువ అనే గొడవ ఇక్కడ లేదు. పీతల ఇగురు కారం, పిల్లలకి పెట్టకండి. కోడి పలావ్ మాత్రం ఈసారి బాగా ఆలస్యమైంది, వచ్చాక చూస్తే మెతుకు మెత్తబడిపోయింది, దానికి ఒక స్టార్ తగ్గిస్తున్నాను. మా అత్తయ్యకి చేపలు పడవు, ఆవిడ వెజ్ మీల్స్ తీసుకున్నారు, ముద్దపప్పు, చారు రెండూ నచ్చాయన్నారు. ఆవిడకి బయట చారు నచ్చడం చాలా అరుదు.

సర్వర్ కుర్రాడి గురించి విడిగా చెప్పాలి. చందువా ఫ్రై అడిగితే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఇయ్యాల చందువా ఒగ్గేయండమ్మా, నిన్నటిది, వంజరం పొద్దున్నే వచ్చింది" అన్నాడు. వైజాగ్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలూ తాజా చేప దొరకడం కష్టమని అందరికీ తెలుసు, కానీ మామూలు రోజుల్లో ఏది ఇవాళ్టిదో ఏది నిన్నటిదో టేబుల్ దగ్గర కూర్చున్న మనకి తెలిసే దారి లేదు. ఆ మాట చెప్పడం వల్ల అతనికి ఒక్క రూపాయి కలిసి రాదు, చెప్పకపోతే అడిగేవాళ్ళూ లేరు. అలాంటి వాడికి టిప్పు ఎంత ఇవ్వాలన్నది నాకు చిన్న విషయం కాదు, అందుకే ఈ రివ్యూలో సగం దాని గురించే రాస్తున్నాను.

బిల్లు సోంపు, పటికబెల్లం పెట్టిన చిన్న గిన్నెతో పాటు వచ్చింది. ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్కో ఐటమ్ విడిగా, ఎన్ని ప్లేట్లో విడిగా, కింద మొత్తం 2,410, దాని కింద సీజీఎస్టీ (జీఎస్టీలో కేంద్రం వాటా) రెండున్నర శాతం 60.25, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) రెండున్నర శాతం 60.25, అన్నీ కలిపి 2,530.50, రౌండాఫ్ చేసి 2,531. వడ్డించినందుకని హోటలే కలిపే సర్వీస్ ఛార్జీ లేదు. అర్థం కాని పేరుతో ఇంకే వరుసా లేదు.

ఇలాంటి బిల్లు చేతిలో ఉంటే టిప్పు లెక్కకి ఫోన్ తీయక్కర్లేదు. సీజీఎస్టీ పక్కన ఉన్న అంకె తీసుకోండి, రెట్టింపు చెయ్యండి, మళ్ళీ రెట్టింపు చెయ్యండి, అదే పది శాతం. అరవై, నూట ఇరవై, రెండు వందల నలభై. పైసలు పట్టించుకోకపోయినా తేడా ఒక్క రూపాయి. రెండున్నరని నాలుగుతో గుణిస్తే పది కాబట్టి ఇది ఎంత బిల్లుకైనా పనిచేస్తుంది. ఒక్కసారి రెట్టింపు చేసి ఆగిపోతే ఐదు శాతం, మూడింతలు చేస్తే ఏడున్నర. అంటే ఆ నూట ఇరవై, రెండు వందల నలభై మధ్యలో ఎక్కడో మీకు తోచిన చోట ఆగవచ్చు. మనం టిప్పు కోసం కష్టపడి చేసే లెక్క ప్రభుత్వం పన్ను కోసం ముందే చేసి కాగితం మీద అచ్చు వేయించింది, దాన్ని వాడుకోవడమే. మా పెద్దమ్మాయి ఎనిమిదో క్లాసు, శాతాలంటే బెదిరిపోయే పిల్ల, బిల్లు దాని చేతికిచ్చి ఇలా చెప్తే నేను పర్సు తెరిచేలోపు చెప్పేసింది. స్కూల్లో నోటి లెక్కలని చెప్పేవి ఇంతకు మించి ఏమీ కాదు, పెద్ద అంకెని చేతికి అందే చిన్న అంకె దాకా దించుకోవడం.

ఇంకో సంగతి, టిప్పు ఎప్పుడూ తిన్న దాని మీదే లెక్క కట్టండి, పన్ను కలిపిన దాని మీద కాదు. ఈ బిల్లులో ఆ తేడా పన్నెండు రూపాయలే, పెద్ద పార్టీ బిల్లులో వందలు అవుతుంది. అలాగే డిస్కౌంట్ యాప్‌తో కట్టినప్పుడు జాగ్రత్త. ఇరవై శాతం తగ్గితే పన్ను కూడా తగ్గిన మొత్తం మీదే పడుతుంది, ఆ సీజీఎస్టీని నాలుగింతలు చేస్తే టిప్పు కూడా తగ్గిపోతుంది. కానీ ఆ కుర్రాడు మోసిన ప్లేట్లు తగ్గలేదు కదా. అప్పుడు డిస్కౌంటుకి ముందున్న మొత్తం చూసి, చివరి అంకె తీసేయండి. 2,410లో సున్నా తీస్తే 241. అదే పది శాతం.

అసలు జీఎస్టీ వరుసే కనిపించని చోట్ల కూడా ఇదే దారి. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారాలకి పెట్టిన తేలిక జీఎస్టీ పద్ధతి) ఉన్న చిన్న హోటళ్ళు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యకూడదు, ఆ పన్ను ఓనరే కట్టుకుంటాడు, అందుకని బిల్లులో ఉండదు. చివరి అంకె తీసేస్తే పది శాతం, అందులో సగం ఐదు శాతం. 847 అయితే 850 అనుకోండి, 85, సగం 42 చిల్లర, యాభై నోటు పెట్టి లేవండి. పెద్ద స్టార్ హోటళ్ళ సంగతి వేరు. రూము అద్దె రోజుకి 7,500 దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం, అంటే సీజీఎస్టీ తొమ్మిది. అక్కడ నాలుగింతలు చేశారో, 36 శాతం టిప్పు అవుతుంది! ఆ తొమ్మిదికి కొంచెం పైకి వెళ్తే అదే పది. కాబట్టి ముందు రేటు ఎంత ఉందో చూసి, తర్వాత లెక్క వెయ్యండి. బార్ ఉన్న చోట మందుకి జీఎస్టీ ఉండదు, వేరే పన్ను పడుతుంది, అక్కడ సీజీఎస్టీ వరుస తిండి లెక్క మాత్రమే చెప్తుంది.

సర్వీస్ ఛార్జీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నగరంలోనే ఇంకో రెస్టారెంట్లో మాకు ఇది ఎదురైంది. అక్కడ మెనూ చివర చిన్న అక్షరాల్లో పది శాతం అని ఉంది, బిల్లులో కలిపేశారు, పైగా జీఎస్టీ ఆ కలిపిన మొత్తం మీద వేశారు. ఇవాళ్టి మా 2,410 మీద అలా వేస్తే 2,651 అయి, దాని మీద పన్నుతో 2,783 దాటుతుంది. అంటే అక్షరాలా రెండు వందల యాభై పైచిలుకు ఎక్కువ, అందులో సర్వర్‌కి ఎంత చేరిందో మనకి తెలియదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ రెస్టారెంటూ సర్వీస్ ఛార్జీని తనంతట తాను బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చెయ్యకూడదు. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి, కొంతకాలం ఆ మార్గదర్శకాలు ఆగాయి కూడా, చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు, "ఈ లైన్ తీసేసి బిల్లు మళ్ళీ ఇవ్వండి" అంటే చాలు. మాకు తీసేశారు. తియ్యకపోతే 1915కి ఫోన్ చెయ్యవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తీయించాక టిప్పు మానెయ్యమని కాదు నేను చెప్పేది, అదే డబ్బు వడ్డించిన మనిషి చేతికి ఇవ్వమని.

మా ఆయన చెల్లెలు న్యూయార్క్‌లో ఉంటుంది, ఆమెకి ఈ సీజీఎస్టీ కిటుకు చెప్తే అక్కడ కూడా ఇలాగే చేస్తారట. న్యూయార్క్ సిటీలో అమ్మకం పన్ను 8.875 శాతం, బిల్లులో పన్నుని రెట్టింపు చేస్తే పద్దెనిమిదికి దగ్గరగా వస్తుంది, అక్కడ మామూలుగా ఇచ్చేది కూడా అటూ ఇటూగా అంతే. కానీ అక్కడి శాతాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టుకోవడం నాకు సరి అనిపించదు. అమెరికాలో టిప్పు తీసుకునే పనివాళ్ళకి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస కూలి కేంద్ర చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచి అది మారలేదు (కొన్ని రాష్ట్రాలు ఎక్కువ పెట్టుకున్నాయి), మిగతాది టిప్పులతో నిండాలి. ఇక్కడ జీతం యజమానిది, టిప్పు మన ఇష్టం. ఐదు నుంచి పది మధ్యలో ఇస్తే నా లెక్కలో గౌరవంగానే ఉంటుంది, వేళకి మంచినీళ్ళు కూడా పోయని చోట ఏమీ ఇవ్వకపోయినా తప్పు లేదు, చందువా వద్దని చెప్పిన కుర్రాడికైతే నేను పది దాటి 250 ఇచ్చాను.

ఇచ్చింది నోట్లలో. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇప్పుడు అందరం స్కానర్‌తోనే కడుతున్నాం, 2,531 అంటే సరిగ్గా 2,531 కొట్టేసి లేచిపోతాం, పర్సులో పది రూపాయల నోటు కూడా ఉండదు. స్కానర్‌లో ఎక్కువ కొడితే అది ఓనర్ ఖాతాలోకి వెళ్తుంది, కుర్రాడి జేబులోకి కాదు. నేను ఇంట్లో బయల్దేరేటప్పుడే యాభైలు, వందలు కొన్ని విడిగా పెట్టుకుంటాను. ఈ హోటల్లో టిప్పులు కౌంటర్ పక్కన డబ్బాలో వేసి, రాత్రి మూసేటప్పుడు వంటింట్లో గిన్నెలు తోమే ఆవిడతో సహా పంచుకుంటారని ఆ కుర్రాడే చెప్పాడు. నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆ వంజరం శుభ్రం చేసిన చేతులు మనకి ఎప్పుడూ కనిపించవు.

యాజమాన్యం వారికి రెండు మాటలు. ఆ డబ్బా మీద "ఇది సిబ్బంది అందరికీ" అని ఒక చీటీ అంటించండి, స్కానర్‌తో కట్టేవాళ్ళ కోసం సిబ్బంది పేరు మీద వేరే స్కానర్ కూడా పక్కన పెట్టండి, వేసేవాళ్ళు ఇంకా పెరుగుతారు. ఆదివారాలు పలావ్ రెండో విడత ఒంటిగంటకల్లా దించండి, మేము వెళ్ళేసరికి మొదటిది అయిపోతోంది.