గెకో పిల్లల్లో మగా ఆడా: నాలుగేళ్లు భూతద్దం వాడాక

క్రెస్టెడ్ గెకో అనే పెంపుడు బల్లి పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చేటప్పటికి మహా అయితే 2 గ్రాములు తూగుతుంది. మగవాటికి తోక మొదట్లో వచ్చే ఉబ్బు నెలలు గడిస్తేగానీ కనబడదు. ఈలోపు రంగు, చారలు, తల వెడల్పు చూసి చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. మొదట్లో నేనూ తల చూసే చెప్పాను, చాలావరకు తప్పాయి.

అందుకే నగల పనివాళ్లు వాడే లైటున్న భూతద్దాలు రెండు తీసుకున్నాను. 60 రెట్లు పెద్దగా చూపేది పక్కన పడేశాను, పిల్ల ఊపిరి పీల్చినా బొమ్మ జారిపోతుంది. నాలుగేళ్లుగా చేతిలో ఉన్నది 30 రెట్లదే.

చూడాల్సింది వెనక కాళ్ల మధ్య, మలద్వారానికి కాస్త పైన. పిల్లని పట్టుకుని వెల్లకిలా తిప్పొద్దు. బెదిరితే తోక వదిలేస్తుంది, ఈ జాతికి పోయిన తోక మళ్లీ రాదు. నేను పారదర్శకమైన డబ్బాలో వదిలి, అది గోడెక్కాక బయటినుంచి భూతద్దం ఆనించి చూస్తాను. మగదైతే అక్కడి పొలుసుల వరుసలో ఒక్కో పొలుసు నడుమ సూదిమొనతో పొడిచినట్టు చుక్క ఉంటుంది, అది సన్నని రంధ్రం. ఆడవాటిలో కొన్నిటికి అక్కడే చిన్న సొట్ట ఉండి, లైటు పడితే మెరుస్తుంది. ఈ రెండిటికీ తేడా కంటికి అలవాటవడానికి నాకు ఏడాది పట్టింది.

చుక్కలు స్పష్టంగా ఉంటే మగదే, అనుమానం లేదు. లేకపోతే మాత్రం తొందరపడకూడదు. 3 గ్రాములప్పుడు ఆడదని రాసుకున్న పిల్లకి 7 గ్రాములకి చుక్కలు బయటపడ్డాయి. అప్పటికే దాన్ని ఇంకో పిల్లతో కలిపి ఉంచాను. ఒకరోజు పొద్దున డబ్బా తెరిస్తే రెండోదాని తోక తెగి కింద పడుంది. ఆ గెకోని చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

లెపర్డ్ గెకోలనే ఇంకో జాతితో ఇంత టెన్షన్ లేదు. పిల్ల పుట్టుకతోనే కాస్త పెద్దది, రంధ్రాల వరుస బాణపు మొనలా వంగి ఉంటుంది. పైగా గుడ్లు పొదిగే వేడే చాలావరకు చెప్పేస్తుంది: 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32 దగ్గర ఎక్కువగా మగవి. అయినా అద్దంతో చూడకుండా నేను రాయను.

అద్దం అంచుల్లో బొమ్మ మసకగా ఉంటుంది, లైటు డబ్బా మీద పడి మెరుస్తుంది, కాస్త వాలుగా పట్టుకోవాలి. అయినా దీన్ని వదులుకోను. ఇప్పుడు 3 గ్రాముల నుంచి నెలకోసారి చూసి, బరువు, తేదీ, ఫోటో పెట్టుకుంటాను. క్రెస్టెడ్ పిల్ల 10 గ్రాములు దాటేదాకా దాని పేరు పక్కన ‘ఆడ’ అని రాయను, ఇంకోదానితో కలపను.