ఒకే డివిజన్: 1948లో హైదరాబాద్, 1965లో సియాల్‌కోట్

మన సైన్యపు ట్యాంకుల దళమైన ఒకటో ఆర్మర్డ్ డివిజన్ 1948 సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి కదిలింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో నల్‌దుర్గ్ వంతెన చేజిక్కించుకుంది. ఐదు రోజుల్లో నిజాం కథ ముగిసింది. అవతల దీటైన ట్యాంకుల బలమే లేదు. నన్నడిగితే అది యుద్ధం కన్నా పరుగు.

1965 పాకిస్తాన్ యుద్ధంలో అదే డివిజన్‌కు సియాల్‌కోట్ సెక్టార్లో ఆ పప్పులుడకలేదు. మన సెంచూరియన్ ట్యాంకులకు పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు ఎదురొచ్చాయి. సెప్టెంబర్ 11న ఫిల్లోరా ఊరు దక్కింది, చవిండా మాత్రం చిక్కలేదు. అన్నట్టు, అక్కడ పూనా హార్స్ అనే ట్యాంకు రెజిమెంటును నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ తారాపూర్ ఒకప్పుడు నిజాం సైన్యంలో అధికారి. ఫిల్లోరా దగ్గర గాయపడ్డా వెనక్కి వెళ్లనన్నారు. 16న నేలకొరిగారు. మరణానంతరం పరమవీరచక్ర ఇచ్చారు.